షావుకారుకు పూసిన ఆవు మందు

ఆ రోజుల్లో నాకు అన్నింటికీ కొరతే గానీ అభిప్రాయాలకు మాత్రం ఏ లోటూ ఉండేది కాదు. ఎవరు ఏ సంగతి ఎత్తినా, వాళ్ళు మాట ముగించే లోపలే నా తీర్పు సిద్ధంగా ఉండేది. వానలు ఎందుకు ముఖం చాటేస్తున్నాయి, మేస్త్రీలు గోడలు ఎందుకు వంకరగా లేపుతున్నారు, పెళ్ళిళ్ళలో పాయసం ఏటికేడు ఎందుకు పలచబడుతోంది, అన్నీ నాకు తెలుసు. ఇప్పుడు ఏదన్నా అడిగితే తల గోక్కుంటాను. (గోక్కోవడానికి జుట్టు కూడా అప్పుడున్నంత లేదు, ఆ సంగతి తర్వాత వస్తుంది.) అన్నీ తెలిసిన ఆ కుర్రవాడు మా చిన్నమ్మ ఇంట్లో చేసిన ఒక్క పని గురించి ఇన్నేళ్ళకు చెప్పుకుంటున్నాను. నవ్వుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. ఆలస్యంగానైనా నేనూ నవ్వడం నేర్చుకున్నాను.

చింతామణిలో డిగ్రీ చివరి ఏడు చదువుతుండగా మా కాలేజీలో చర్చా స్పర్ధె పెట్టారు. ఇద్దరు చెరో పక్క నిలబడి వాదించుకునే పోటీని మా వైపు కన్నడంలో అలాగే అంటాం. ‘వైద్యం చేయించే స్తోమత లేనివాళ్ళు జంతువులను పెంచుకోవచ్చా?’ అన్నది విషయం. పెంచుకోకూడదు అని నేను బల్ల గుద్ది వాదించాను. నిజంగానే గుద్దాను, నీళ్ళ గ్లాసు దొర్లి న్యాయనిర్ణేత గారి కాగితాలు తడిశాయి. “ముద్ద పెట్టే చేతికి మందు పెట్టే శక్తి లేకపోతే, ఆ చేతికి ఆ మూగజీవాన్ని తాకే హక్కే లేదు!” అని చేయి పైకెత్తి ముగించాను. హాలంతా చప్పట్లు. అప్పటిదాకా నేను కోడిపిల్లను కూడా పెంచినవాణ్ణి కాదని అక్కడ ఎవరికీ తెలియదు. మొదటి బహుమతిగా గోడ గడియారం ఇచ్చారు. అది మొదటి రోజు నుంచే పది నిమిషాలు ముందు నడిచేది. నేనూ అంతే గనుక దాన్ని తప్పు పట్టలేకపోయాను.

చదువు అయ్యాక పేరేసంద్రలో హైవే పక్కన ఒక జెరాక్స్ అంగట్లో పని దొరికింది. మా సొంత ఊరు కెంచార్లహళ్ళి పక్కన, రోజూ వచ్చిపోయే దూరం కాదు. మా అమ్మ చెల్లెలు, అంటే మా చిన్నమ్మ, సాదలికి అవతల పల్లెలో ఉంటుంది. అక్కడ దిగాను. గడియారం కూడా నా వెంట వచ్చింది. చిన్నమ్మ దాన్ని చూసి చాలా సంబరపడి, నేను నడవలో తగిలిస్తుందేమో అనుకుంటే, తీసుకుపోయి పట్టుపురుగుల ఇంట్లో తగిలించింది. “మేత ఏళకి పడాల గదప్పా, ఆడ గడియారం లేక అల్లాడతాండా” అంది. అట్లా నా వాక్చాతుర్యానికి దక్కిన బహుమతిని రోజుకు మూడు పూటలా పురుగులు చూసేవి.

పట్టుపురుగులు పెంచే ఇంట్లో ఎప్పుడూ ఉండనివాళ్ళకు ఆ ఇంటి పద్ధతులు చెప్పాలి. ఇంటి వెనక విడిగా ఒక పొడుగాటి గది. లోపల ఇనుప స్టాండ్లు, ఒక్కోదానికి నాలుగు అరలు. ప్రతి అరలోనూ మల్బరీ కొమ్మలు, వాటి మీద వేలకు వేలు పురుగులు. అవి ఆకు తింటుంటే సన్నగా వాన పడుతున్నట్టే వినిపిస్తుంది. గడప దగ్గర సున్నం, బ్లీచింగ్ పొడి. లోపలికి వేరే చెప్పులు. మల్లెపూలు పెట్టుకున్నవాళ్ళు రాకూడదు, పొగ తాగినవాళ్ళు రాకూడదు. మా చిన్నాయన బీడీ కాల్చాలంటే వీధి చివరకు పోయి, కాల్చి, స్నానం చేసి గానీ ఆ వైపు వచ్చేవాడు కాదు. నేను వచ్చిన మొదటి వారం ఒంటికి సెంటు కొట్టుకుని ఆ గడప తొక్కబోతే చిన్నమ్మ చీపురు అడ్డం పెట్టి, మూడు రోజులు నన్ను ఆ ఛాయలకు రానివ్వలేదు. దోమల మందు అయితే ఆ ఇంట్లో పేరు కూడా ఎత్తరు. దోమను చంపేది పురుగునూ చంపుతుంది, పురుగుకు ఇంకా తొందరగా.

ఆ వేసవి ఆ గది మీద ఒక పంతం ఉండింది. అంతకుముందు పంట పోయింది. రోగం తగిలి పురుగులు నల్లబడి రాలిపోయాయి. చిన్నాయనకు విసుగొచ్చి, మల్బరీ పీకేసి ద్రాక్ష పందిరి వేస్తానన్నాడు. చిన్నమ్మ ఒప్పుకోలేదు. పదహారేళ్ళ వయసులో కాపురానికి వచ్చిననాటి నుంచి ఆమె చేతిలో పెరిగిన తోట అది. ఇద్దరికీ నాలుగు రోజులు మాటల్లేవు. చివరికి చిన్నాయన “ఒక పంట చూస్తా. ఇదీ పోయిందంటే జేసీబీ పిలిపిస్తా. ఆమీన నన్నేమీ అనగూడదు” అన్నాడు. ఆమె సరేనంది. ఆ పంటకు ఆమె పడిన పాటు నేను కళ్ళారా చూశాను. తెల్లారకముందే లేచి ఆకు కోసేది. తన అన్నం మరిచినా పురుగుల మేత మరిచేది కాదు.

ఇట్లాంటి ఇంటికి నేను కుక్కను తెచ్చాను.

పేరేసంద్రలో మా అంగడి పక్క టీ హోటలు దగ్గర తిరిగే పిల్ల అది. మూతి చూస్తే జాతి కుక్క, తోక చూస్తే మన వీధి కుక్క, మధ్యలో ఉన్నదంతా బొజ్జే. కాళ్ళు బార్లా చాపి, వచ్చేపోయేవాళ్ళను గల్లాపెట్టె ముందు కూర్చున్న ఆసామిలా చూసేది. అందుకే షావుకారు అని పేరు పెట్టాను. ఒకరోజు బండి మీద కూర్చోబెట్టుకుని ఇంటికి తెచ్చేశాను.

చిన్నమ్మ గడపలోనే ఆపింది. “ఏమప్పా, దీన్ని యాడ తెచ్చినావు? పురుగులుండే ఇల్లు గదా. దీనికి ఒళ్ళు బాగలేకపోతే ఎవరు చూస్తారు?”

“నేనే చూస్తా చిన్నమ్మా. డాక్టరుకు చూపించలేనోళ్ళు కుక్కను పెంచగూడదని కప్పు గెల్చినోణ్ణి” అన్నాను.

“కప్పు కాదు గదప్పా, గడియారం” అంది ఆమె. అని, షావుకారుకు పెరుగన్నం కలపడానికి లోపలికి పోయింది.

రెండు నెలలు బాగానే జరిగింది. వేసవి ముదిరేసరికి షావుకారుకు గోమార్లు పట్టాయి. చెవుల్లో, వేళ్ళ సందుల్లో, మెడ కింద, రక్తం తాగి శనగగింజంత ఉబ్బిన గోమార్లు. అది రోజంతా గోక్కునేది. ఒక శనివారం సాదలి పశువుల ఆసుపత్రికి పోయి అడిగాను. “డాక్టరు ఊర్ల మీద పోయినారు. సోమవారం పొద్దున కుక్కను పిల్చుకోని రా, చూస్తారు” అన్నాడు అక్కడున్నాయన. సోమవారం దాకానా? సామాన్య ప్రజల పట్ల ప్రభుత్వ నిర్లక్ష్యం గురించి దారి పొడుగునా నాలో నేనే ఉపన్యాసం ఇచ్చుకుంటూ వచ్చాను. చిక్కబళ్ళాపురంలో కుక్కల డాక్టరు ఉన్నాడని తెలిసి ఫోన్ చేశాను. ఫీజు ఎంతో విని, ‘సిగ్నల్ లేదు, వినిపించడం లేదు’ అని పెట్టేశాను. సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంది. లేనిది నా జేబులో. ఎందుకు లేదంటే, ఆ నెల జీతంలో పెద్ద ముక్క పెట్టి బాగేపల్లిలో జుట్టు సాపు చేయించుకున్నాను. మా వంశంలో అందరిదీ ఉంగరాల జుట్టు. నాది మాత్రం సినిమా హీరోలా నున్నగా జారాలని అప్పటి నా పట్టుదల. (అది నున్నగా జారింది. కొన్నేళ్ళకు మొత్తం జారిపోయింది.)

ఎదురింట్లో సీమావు మామ ఉండేవాడు. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఊరికి మొదటి సీమావును (జెర్సీ ఆవును) తోలుకొచ్చినవాడు గనుక ఆ పేరు. ఆదివారం పొద్దున ఆయన దగ్గరికి పోయి, ఆవులకు గోమార్లు పోవడానికి పూసే మందు అడిగి తెచ్చుకున్నాను. సీసా అడుగున కొంచెం మిగిలింది. ఇస్తూ ఆయన ఒకటే మాట అన్నాడు. “దీంతో మీ పురుగుల ఇంటి దిక్కు పోవద్దప్పా. బలే చెడ్డది.”

“కుక్కను ఆ దిక్కు పోనిస్తానా మామా!” అన్నాను.

ఆయన దేని గురించి చెప్పాడో, నేను దేని గురించి మాట ఇచ్చానో ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే ఒక మొట్టికాయ వేసుకోవాలనిపిస్తుంది. సీసాలో మందు ఎంత పూయాలో ఫోనులో వీడియోలు చూశాను. ఆవులకే గానీ కుక్కల లెక్క ఎక్కడా దొరకలేదు. అప్పుడు నా డిగ్రీ అక్కరకొచ్చింది. ఆవు ఇంత ఉంటుంది, కుక్క ఇంత ఉంటుంది, కాబట్టి నాలుగో వంతు అని తేల్చాను. షావుకారు ఆవులో నాలుగో వంతు ఉంటుందా అన్న ఆలోచన నాకు రాలేదు. బొజ్జ చూసి మోసపోయానేమో. నీళ్ళు కూడా కలపకుండా రెండు చేతులతో చెవుల నుంచి తోకదాకా బాగా రుద్ది రుద్ది పూశాను. తర్వాత పశువుల దొడ్డి అవతల మునగచెట్టుకు కట్టేశాను. తాడు రెండుసార్లు లాగి చూశాను. మామ మాట నిలబెట్టానని తృప్తిగా ఉంది. కుడితి తొట్టి పక్కన కొళాయి కింద చేతులు తడిపి, లుంగీకి తుడుచుకున్నాను. సబ్బు అటక మీద ఉంది, ఎవరు తీస్తారు?

లోపలికి వచ్చేసరికి చిన్నమ్మ, చిన్నాయన శిడ్లఘట్టకు బయలుదేరుతున్నారు. పురుగులు నాలుగో జ్వరం దాటి చివరి మేతలో ఉన్నాయి. (పురుగు కుబుసం విడిచే ముందు తిండి మానేసి పడుకుంటుంది, దాన్ని జ్వరం అంటారు.) ఇంకో రెండు మూడు రోజుల్లో పండి గూళ్ళు కడతాయి. గూళ్ళు అల్లుకోవడానికి పండిన పురుగులను వదిలే వెదురు చాపలను చంద్రికలంటారు. అవి చాలక అద్దెకు తేవడానికి వాళ్ళ ప్రయాణం. “మద్యాన్నం మేత కింది మూడు వరసలు నేనే ఏసేసినా. పై వరస నాకు అందదు, పీట ఏసుకోని ఎక్కేదానికి టైము లేదు, బస్సు వచ్చేస్తాది. నువ్వైతే నిలబడే వెయ్యచ్చు. ఏస్తావా అప్పా?” అంది చిన్నమ్మ. ఆ గదిలో మేత వేసే పని ఆమె అప్పటిదాకా చిన్నాయనకు కూడా అప్పగించలేదు. నా ఛాతీ పొంగింది. ‘నువ్వు నిశ్చింతగా పో చిన్నమ్మా’ అన్నాను.

ఆకు నిలవ చేసే గదిలోకి పోయాను. కుప్ప మీద తడి గోనెపట్ట మడత చెడకుండా పరిచి ఉంది. ఎత్తి, కొమ్మలు చేతులనిండా తీసుకుని, చెప్పులు మార్చి, సున్నం తొక్కి, తలకు గుడ్డ కట్టి (నున్నటి జుట్టు చెదరకుండా కట్టాను, పురుగుల కోసం కాదు), ఒక్కో స్టాండు పై అరలో జాగ్రత్తగా పరిచాను. ఏ మూలా ఖాళీ లేకుండా చేత్తో సర్ది మరీ వేశాను. ఇంత పొందిగ్గా చిన్నమ్మ కూడా వేయదని మనసులో అనుకున్నాను. గోడ మీద నా గడియారం పది నిమిషాలు ముందు టిక్కుటిక్కుమంటోంది.

బయటికి వచ్చి చూస్తే మునగచెట్టు దగ్గర తాడే ఉంది, షావుకారు లేదు. అది చిన్నాయన పాత తాడు, మధ్యకు తెగి ఉంది. ఇల్లంతా వెతికితే, ఆకు గదిలో, ఇప్పుడిప్పుడే నేను మళ్ళీ కప్పి వచ్చిన తడి గోనెపట్ట మీద, నాలుగు కాళ్ళూ చాపి పడుకుని ఉంది. ఊరంతా ఎండకు మాడుతుంటే అంతకన్నా చల్లటి చోటు ఇంకెక్కడుంది? దాన్ని తరిమి, ఆ గోనెపట్టను తీసి, రెండో వైపు తిరగేసి కప్పాను. ఆ వయసులో నాకు తోచిన పరిష్కారం అది.

సాయంకాలం చిన్నమ్మ వాళ్ళు చంద్రికలు ఆటోలో వేసుకుని వచ్చేసరికి నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆమె బుట్ట దించి, కాళ్ళు కడుక్కుని నేరుగా పురుగుల ఇంట్లోకి పోయింది. వెనకాలే నేను. పై అరలో పురుగులు తలలు పైకెత్తి ఇటూ అటూ ఊపుతున్నాయి. కొన్ని నోట్లోంచి పచ్చటి నీళ్ళు కక్కుతున్నాయి. కొన్ని సగానికి ముడుచుకుపోయాయి. ఆకు తినే చప్పుడు ఆ వరసలో లేదు. చిన్నమ్మ పీట వేసుకుని ఎక్కి చూసింది. చిన్నాయన వచ్చి చూసి “మందు! ఇది మందు తగిలిందే! ఎవరు తెచ్చిరి ఈ ఇంట్లోకి మందు?” అని అరిచాడు.

నేను నిజం చెప్పాను. సగం. “కుక్కకు గోమార్ల మందు పూసినా చిన్నాయనా. కట్టేసినా. తాడు తెంపుకోని వచ్చి ఆకు మీద పండుకొనింది.”

“కుక్క!” అన్నాడు చిన్నాయన. ఆ ఒక్క మాట చాలు ఆయనకు. ముందు షావుకారును తిట్టాడు, తర్వాత పేరేసంద్ర టీ హోటలును తిట్టాడు, తర్వాత జేసీబీ వాడి నంబరు కోసం ఫోను వెతుక్కున్నాడు. ఆయన బీడీ తీసుకుని వీధి చివరకు పోయాడు.

చిన్నమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. పై అర చూసింది. కింది అరలు చూసింది. కింద పురుగులు వాన పడినట్టు తింటూనే ఉన్నాయి. తర్వాత నా వైపు చూసింది, కాసేపు. “పై వరస మొత్తం తీసి గుంతలో పూడ్చాల. ఆకు గదిలో ఉండే ఆకంతా పారెయ్యాల. పొద్దు మునిగే లోపల కొత్త ఆకు కోస్తాం, ఇరుగు పొరుగు ఆడోళ్ళను పిలుస్తా” అంది. నేను పై అర వైపు చేయి చాపాను.

“నువ్వు లోపలికి రావద్దప్పా. ఏదీ తాకద్దు. పోయి కుక్కను చూసుకో, దానికి గూడా బాగలేదు.”

నిజంగానే షావుకారుకు బాగలేదు. నోటి నుంచి చొంగ కారుతోంది, కాళ్ళు వణుకుతున్నాయి. ఒంటికి పూసిన మందును నాకినట్టుంది. నా ముఖం చూసి తోక ఊపబోయింది, అది కూడా సగంలో ఆగిపోయింది. నాకు అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడు వచ్చింది. చిన్నమ్మ లోపలి నుంచే కేకేసింది. “సబ్బు పెట్టి బాగా కడుగప్పా దాన్ని, రెండు మూడు సార్లు. నీ చేతులు గూడా.” అటక మీది సబ్బు తీశాను. షావుకారును కడిగి, చేతులు కడుక్కోబోతూ ఎందుకో వాసన చూసుకున్నాను. గోళ్ళ సందుల్లో ఆ మందు కంపు ఇంకా ఘాటుగా ఉంది. నేను ఆకు తీసేటప్పటికి గోనెపట్ట మడత కూడా చెడలేదు. కుక్క అప్పటికింకా మునగచెట్టు కిందే ఉంది. ఆ కొమ్మలను ముట్టుకున్నవి ఈ రెండు చేతులే.

ఆ సంగతి అప్పుడే లోపలికి పోయి చెప్పి ఉండాలి. చెప్పలేదు. చిన్నాయన బీడీ ముగించి వస్తున్నాడు. రేపు చెబుదాం అనుకున్నాను.

సోమవారం తెల్లారగానే చిన్నమ్మ ఆకు మోసే వెదురుబుట్టలో చింకి దుప్పటి పరిచి షావుకారును పడుకోబెట్టి ఇచ్చింది. సాదలి ఆసుపత్రికి పోయాను. రమ్మన్న రోజుకే, రమ్మన్న వేళకే పోయాను, సరిగ్గా చెప్పినట్టే కుక్కను తీసుకుని. డాక్టరు కంటిరెప్పలు ఎత్తి చూశాడు, జరిగింది అడిగాడు, నేను చెప్పాను. ఆయన నన్ను నెమ్మదిగా అడిగాడు.

“ఇది ఆవా?”

“కాదు సార్.”

“ఎద్దా?”

“కాదు సార్, కుక్క.”

“తెలిసే పూసినావన్నమాట. ఏం చదివినావప్పా?”

డిగ్రీ అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు. అదే ఎక్కువ నొప్పి పెట్టింది. షావుకారుకు సెలైన్ ఎక్కించాడు, సూది వేశాడు, గోమార్లకు కుక్కలకు వేసే మాత్ర చీటీ మీద రాసిచ్చాడు. బుట్ట పక్కన నేల మీద కూర్చుని ఆ సీసా చుక్కలు చూస్తూ గడిపాను. మధ్యాహ్నానికి అది లేచి నిలబడి, డాక్టరు చెప్పు నాకింది. ఫీజు ఎంత సార్ అంటే, “ఇది గవర్నమెంట్ ఆస్పత్రి గదప్పా” అన్నాడు. మాత్రలు మాత్రం బయట కొన్నాను. జుట్టుకు పెట్టిన దాంట్లో పదో వంతు కూడా కాలేదు. నాకు లేనిది స్తోమత కాదని, ఆదివారం ఒక్క రోజు ఆగే ఓపిక అని ఆ బుట్ట మోసుకుని వస్తూ దారిలో నాకు తెలిసింది. చర్చా స్పర్ధెలో ఆ పాయింటు ఎవరూ ఎత్తలేదు, నేను కూడా.

కింది మూడు వరసలూ దక్కాయి. చంద్రికల నిండా తెల్లటి గూళ్ళు. చిన్నాయన ఒక గూడు తీసి చెవి దగ్గర ఆడించి, వేళ్ళతో నొక్కి, మళ్ళీ చంద్రిక మీద పెట్టాడు. చివరికి “ఉండనీలే తోట” అన్నాడు. చిన్నమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. చిన్నాయన ఇంకో మాట కూడా అన్నాడు. “కుక్క మాత్రం ఉండగూడదు.”

అట్లా షావుకారు ఆ ఇంటి నుంచి బహిష్కరణకు గురైంది. నేను పేరేసంద్రలో ఒక చిన్న గది తీసుకుని దాన్ని పెట్టుకున్నాను. ఊళ్ళో అందరికీ అది పురుగుల్ని చంపిన కుక్క. నేను దాన్ని తీసుకుని ఆ పల్లెకు పోయినప్పుడల్లా పిల్లలు దారి వదిలేవారు, సీమావు మామ కూడా “ఇదేనా ఆ దొంగ?” అనేవాడు. షావుకారు అందరికీ తోక ఊపేది. నేను పక్కన నిలబడి నవ్వేవాణ్ణి. నోరు తెరవలేదు. ఎట్లా తెరుస్తాను? రేపు చెబుదాం అనుకున్నది వారమైంది, ఏడైంది. తప్పుకు బదులుగా ఒకటే చేశాను. అది తుమ్మితే డాక్టరు, దగ్గితే డాక్టరు. దాని టీకాల కార్డు నా మార్కుల కార్డులకన్నా నీటుగా ఉండేది. తర్వాత నాకు పెళ్ళయి చిక్కబళ్ళాపురంలో కాపురం పెట్టాక, ‘ఈ కుక్కకు జరిగినన్ని చెకప్పులు నాకు జరగలేదు’ అని మా ఆవిడ ఎత్తిపొడిచేది. ఆమెకూ అసలు సంగతి చెప్పలేదు. జుట్టుకు మళ్ళీ ఎప్పుడూ ఖర్చు పెట్టలేదు. తర్వాత పెట్టాల్సిన అవసరమూ లేకపోయింది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ ఆదివారం తర్వాత నేను ఎన్నిసార్లు ఆ ఇంటికి పోయినా, మేత వేళకు ఎదురుగానే నిలబడినా, చిన్నమ్మ పై వరస వేయమని నన్ను ఎప్పుడూ అడగలేదు. మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక కూడా పీట వేసుకుని, స్టాండు పట్టుకుని తనే ఎక్కేది. నేను చూసేవాణ్ణి. కుక్క గలవాడు గనుక దూరం పెట్టింది కాబోలు అని నాకు నేనే సర్దిచెప్పుకునేవాణ్ణి.

షావుకారు ముసలిదై, పళ్ళు ఊడి, కళ్ళు పొరలు కమ్మి, పోయిన వానాకాలం నా కాళ్ళ దగ్గర పడుకునే పోయింది. దాన్ని పూడ్చిపెట్టి వచ్చాక రెండు రోజులు అన్నం సయించలేదు. ఇంక దాని మీద వేసిన నింద తీసేవాడు నేను తప్ప లేడు, నేనేమో తీయలేదు. మూడో రోజు బండి తీసి సాదలి దారి పట్టాను.

చిన్నమ్మ పురుగుల ఇంటి గడపలో కూర్చుని ఉంది. కుక్క పోయిందని చెప్పాను. “అయ్యో, మంచి కుక్కప్పా” అంది. అప్పుడు చెప్పేశాను. తాడు, గోనెపట్ట, మడత చెడకపోవడం, లుంగీకి తుడుచుకున్న చేతులు, గోళ్ళ సందుల్లో కంపు, అన్నీ ఒక్క గుక్కలో. చెప్పి తల దించుకున్నాను.

ఆమె గడప పక్కనున్న చీపురు చేతిలోకి తీసుకుంది. తర్వాత “పై వరసే గదప్పా సచ్చింది” అంది. “కుక్కకు పై వరస అందుతాదా?”

నేను తల ఎత్తాను. “నీకు ఆ పొద్దే తెలుసా చిన్నమ్మా?”

“చూస్తానే తెలిసె. నేను ఏసిన మూడు వరసలూ బాగుండాయి, నువ్వు ఏసింది ఒకటీ పోయింది. నువ్వు చెయ్యి చాపితే మందు కంపు కొట్టె. ఇంగేం చూడాల?”

“మరి చిన్నాయనకు ఎందుకు చెప్పలేదు?”

“ఆయప్ప కోపంలో నిన్ను ఒక మాట అంటాడు, ఆ మాట కెంచార్లహళ్ళి దాకా పోతాది. మా అక్క మనసులో పెట్టుకుంటాది. కుక్కనైతే ఎంత తిట్టినా తోక ఊపి మరిచిపోతాది. అయినా నువ్వే చెప్తావులే అని చూస్తా ఉంటి.” చీపురు పుల్ల ఒకటి విరిచి, నేల మీద గీత గీసి, తుడిపేసింది. “ఇన్నేండ్లు పట్టిస్తావని అనుకోలేదప్పా.”

అభిప్రాయం ఒక్కటీ రాలేదు నోటికి. లోపల గోడ మీద ఆ గడియారం ఇంకా ఉంది. అద్దం పసుపు పట్టింది, పది నిమిషాలు ముందే నడుస్తోంది. ముద్ద పెట్టే చేయి అంటూ చేయి పైకెత్తిన ఆ ఉంగరాల జుట్టు కుర్రవాడు కళ్ళ ముందు కనిపించాడు. వాణ్ణి కోప్పడదామనుకున్నాను గానీ నవ్వొచ్చింది. వాడికీ భయమే పాపం, గొంతు మాత్రం పెద్దది.

చిన్నమ్మ మోకాలి మీద చేయి వేసుకుని లేచింది. గడియారం వైపు చూసి, మనసులో పది నిమిషాలు తీసేసి, “మేత ఏళాయె” అంది. పీట వైపు పోయింది. పోయి, దాన్ని కాలితో గోడ పక్కకు నెట్టేసింది.

“పై వరస నువ్వెయ్యి పో అప్పా. నాకు అందదు. ముందు చేతులు కడుక్కో, సబ్బు ఆడనే ఉండాది.”

కొళాయి దగ్గరికి పోయాను.

“రెండు చేతులూ” అంది వెనక నుంచి.